పార్కు గీసే ముందు ఊరిని అడగండి

డెల్టా పట్టణంలో పార్కుకు మాస్టర్ ప్లాన్ వేయాలంటే కంప్యూటరు ముందు కూర్చోవడం ఆఖరి పని. అంతకు ముందు కాలువ గట్టు మీద నడవాలి, మిల్లు గేటు దగ్గర ఆగాలి, కాస్త ముగ్గుపిండి కొనాలి. గోదావరి డెల్టాలోని మండపేటను ఎదురుగా పెట్టుకుని ఆ లెక్కేమిటో చూద్దాం.

మన పట్టణాల్లో పార్కు అనగానే సామాన్ల జాబితా ముందే ఖాయమైపోతుంది. గేటు మీద ఆర్చి, ఆర్చి మీద నలుగురైదుగురు నాయకుల బొమ్మలు, లోపలికి అడుగుపెట్టగానే నోరు తెరుచుకుని నిలబడ్డ పెంగ్విన్ చెత్తబుట్ట, నడిమధ్యన ఫౌంటెన్, ఓ పక్క పసుపూ నీలం రంగుల ఓపెన్ జిమ్, సిమెంటు పుట్టగొడుగు, దాని కింద సిమెంటు బల్ల. ఈమధ్య కొత్తగా ఎర్రగుండె బొమ్మ వేసి ‘ఐ లవ్’ అంటూ ఊరి పేరు. ఏ ఊళ్లో బస్సు దిగినా ఇదే వరస. ఫౌంటెన్ ప్రారంభోత్సవం నాడు ఎగజిమ్ముతుంది. రెండో వేసవికి అందులో ఎండుటాకులు, చిప్స్ కవర్లు.

వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు. కానీ ఇవి కావాలని ఎవరడిగారు? వార్డులో ఏ ఇంటి తలుపు తట్టి కనుక్కున్నారు? ఎస్టిమేటు అయిపోయి, డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తయారై, టేబుల్ ఎజెండాలో తీర్మానం దాటేసి, టెండరు ఖరారయ్యాక ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని ఫ్లెక్సీ కట్టే సభలు మనకు తెలుసు. విస్తరి ఎత్తేశాక మారు వడ్డించమంటారా అని అడిగినట్టుంటుంది ఆ మర్యాద. గోదావరి జిల్లాల వాళ్లం మర్యాదకు పెట్టింది పేరు కాబట్టి ‘ఆయ్, చాలండి’ అనేసి ఇంటికొచ్చేస్తాం. పార్కు మాత్రం ఎవరిదో అయిపోతుంది.

ఊరి కొలత

మండపేటను ఒకసారి తేరిపార చూడండి. రైసు మిల్లుల ఊరు. తాపేశ్వరం కాజా చేతికందే దూరంలో, ద్వారపూడి రైల్వే స్టేషను ఓ ఆటో ప్రయాణంలో. కలువపువ్వు సెంటరు దగ్గర సాయంత్రం ఆరింటికి నిలబడితే ధాన్యం లారీలు, కాలేజీ బస్సులు, పక్క ఊళ్ల నుంచి బట్టలకీ బంగారానికీ వచ్చిన బళ్లు అన్నీ ఒకేసారి హారన్ కొడతాయి. చుట్టూ ఎటు చూసినా వరిచేలే. పచ్చదనానికి కొదవేముంది, పార్కు ఎందుకు అనిపిస్తుంది పైపైన చూస్తే. చేను పచ్చగా ఉంటుంది గానీ చేలో పిల్లాడు బంతి ఆడలేడు, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ నడవలేదు. డెల్టాలో నేలంతా ఎవరో ఒకరి సాగులో ఉంటుంది. అంగుళం వదలని సారవంతమైన నేలకు ఉమ్మడి జాగా దొరకడం కష్టం. మెట్టప్రాంతపు ఊరికి కనీసం ఓ బీడో బంజరో ఉంటుంది. ఇక్కడ ఆ అదృష్టం కూడా లేదు.

2011 జనాభా లెక్కల నాటికే మండపేట యాభై వేలు దాటింది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో తెచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటాయి. తక్కువ అంకే తీసుకుని యాభై వేల మందితో హెచ్చవేసినా 5 లక్షల చదరపు మీటర్లు తేలుతుంది. ఎకరాల్లో చెప్పుకుంటే 120కి పైనే. డెల్టాలో ఎకరం ధర తెలిసిన వాళ్లెవరికైనా ఈ లెక్క విని నవ్వొస్తుంది. అంత నేల కొని పార్కులు పెట్టే మున్సిపాలిటీ ఎక్కడా ఉండదు. కాబట్టి ఇక్కడ మాస్టర్ ప్లాన్‌లో మొదటి ప్రశ్న ‘ఏం కట్టాలి’ అన్నది కానే కాదు. ఊళ్లో ఇప్పటికే అందరిదీ అయిన జాగా ఎక్కడుంది, దాన్ని ఎవరు ఎలా వాడుకుంటున్నారు అన్నదే అసలు ప్రశ్న.

దానికి సమాధానం మ్యాపులో కన్నా కాలికి ముందు తగులుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు డెల్టాకు చీలిన కాలువల్లో ఒకదానికి మండపేట కాలువ అనే పేరు. ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఈ కాలువల్ని పొలాల కోసమే తవ్వించలేదు, పడవల కోసం కూడా తవ్వించాడు. ధాన్యం బస్తాలు, బెల్లం, కొబ్బరి, పెళ్లివారు అందరూ వీటి మీదే ప్రయాణం. గాలి అనుకూలించనప్పుడు పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవాళ్లు. అంటే గట్టు పుట్టిందే నడక కోసం. ఈ రోజు పొద్దున్నే తెల్ల బూట్లు వేసుకుని గట్టెక్కే సుగరు పేషెంట్లు నడిచేది ఆ పడవ లాగినవాళ్ల బాట మీదే.

కిలోమీటరు పొడవున, పది మీటర్ల వెడల్పున గట్టు ఉందనుకోండి. అది పదివేల చదరపు మీటర్లు, రెండున్నర ఎకరాలు. రెండు గట్లూ కలిపితే ఐదు. ఒక్క పైసా పెట్టి కొనక్కర్లేదు. అయితే గట్టు మున్సిపాలిటీది కాదు, ఇరిగేషన్ వాళ్లది. పూడిక తీయడానికి పొక్లెయిన్ వెళ్లే దారి వదలాలి, గండి పడే చోట బరువు పెట్టకూడదు, రేవులు మూయకూడదు. ఈ మూడు షరతులూ తెలియని కన్సల్టెంటు వేసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా మొదటి పూడికతీత దాకానే.

పోయిన పదో వంతు

ఇంకో రకం ఉమ్మడి జాగా కూడా ఉంది, కాగితం మీద. పొలం కోసి లేఅవుట్ వేస్తే అందులో పది శాతం ఖాళీ స్థలంగా వదిలి మున్సిపాలిటీకి దానపత్రం రాసివ్వాలి. పదెకరాలకు ఎకరం. ఈ నిబంధన అందరూ పాటించి ఉంటే ప్రతి కాలనీకి ఓ చిన్న పార్కు ఉండేది. ఉన్నవి ఎక్కడున్నాయో గమనించారా? మూలన, ట్రాన్స్‌ఫార్మరు పక్కన, మురుగు చేరే పల్లంలో, ప్లాటుగా అమ్ముడుపోని ముక్కోణపు ముక్కలో. చట్టం విస్తీర్ణం అడిగింది గానీ ఆకారం అడగలేదు.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి మరీ విచిత్రం. అక్కడ ఆ పది శాతమూ వదల్లేదు. వాటిని క్రమబద్ధీకరించే పథకాలు దఫదఫాలుగా వస్తూనే ఉన్నాయి. 2020 నాటి పథకంలో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టేది ఎవరు? అమ్మేసి వెళ్లిపోయిన రియల్టరు కాదు. గల్ఫు నుంచి డబ్బు పంపి రెండొందల గజాలు కొనుక్కున్న కుటుంబం. సరే, కట్టారు. ఆ డబ్బుతో పార్కు వస్తుందా? అన్ని ప్లాట్లూ అమ్ముడై ఇళ్లు లేచిన చోట పార్కు పెట్టడానికి నేల ఏది? డబ్బు ఖజానాకు వెళ్తుంది, పిల్లాడు రోడ్డు మీదే ఆడతాడు. కాబట్టి జనాన్ని పిలిచి మాట్లాడే ముందు మున్సిపాలిటీ చేయాల్సిన పని ఒకటుంది. దానపత్రాలుగా వచ్చిన ప్రతి ముక్కనూ సర్వే నంబరుతో, హద్దులతో పటం మీద పెట్టి వార్డు సచివాలయం గోడకు అంటించాలి. ఏ ముక్క మీద ఏం లేచిందో చెప్పడానికి పెద్ద సర్వే అక్కర్లేదు, వీధిలో వాళ్లే చెబుతారు. కొందరికి అది ఇబ్బంది కావచ్చు. అందుకే ఈ పటం ఎప్పుడూ అంటించరు.

అడగడం కొత్త కాదు

ప్రజల్ని అడిగి ఊరు గీయడమన్నది ఎక్కడో విదేశాల్లో పుట్టిన ఫ్యాషన్ అనుకుంటాం. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే ఆ కబురు ఇక్కడికి వచ్చింది. 1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లండ్ పిలిస్తే స్కాట్లండు నుంచి పాట్రిక్ గెడెస్ అనే పెద్దాయన వచ్చాడు. చదువు రీత్యా వృక్షశాస్త్రవేత్త. ఆయన వెంట రావాల్సిన నగర ప్రణాళికల ప్రదర్శన సామగ్రి ఉన్న ఓడను జర్మనీ యుద్ధనౌక ఎండెన్ ముంచేసింది. ఆ సెప్టెంబరులోనే మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఎండెనే. స్నేహితులు ఇంగ్లండులో మళ్లీ పటాలు పోగుచేసి పంపితే 1915 మొదట్లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ పట్టణాలు తిరిగాడు. ఆయన పద్ధతి ఒక్కటే. ముందు నడవాలి, సందుగొందులన్నీ చూడాలి, ఏ చెట్టు కింద ఎవరు కూర్చుంటారో రాసుకోవాలి. పాత వీధుల్ని కొట్టేసి వెడల్పు చేయడమే అభివృద్ధి అనే ఇంజినీర్లతో గొడవ పడ్డాడు. అంత ఖర్చు అక్కర్లేదు, ఇక్కడో గోడ తీసి అక్కడో చెట్టు నాటితే చాలని లెక్కలు కట్టి చూపించేవాడు.

ఇందోరులో ఆయన చేసిన పని మరీ ముచ్చటగా ఉంటుంది. ప్లేగు తిరుగుతున్న కాలం. నన్ను ఒక్కరోజు మహారాజును చేయండి అని సంస్థానాన్ని అడిగాడు. దీపావళికి ఊరేగింపు తీస్తానని, అయితే అది పాత దారిలో వెళ్లదని, ఏ వీధులు బాగా శుభ్రం చేసుకుంటే ఆ వీధుల్లోంచి వెళ్తుందని చాటింపు వేయించాడు. ఊరు ఊరంతా చీపుర్లు పట్టింది. కాగితం మీద అభిప్రాయం రాసిమ్మని ఆయన ఎవర్నీ అడగలేదు. జనం చేత చేయించి తెలుసుకున్నాడు.

మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం 1920లో వచ్చింది. అదే పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ చెలామణిలో ఉంది. ముసాయిదా పథకాన్ని ప్రచురించాలి, అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాలి అని అందులోనే ఉంది. అమరావతి రాజధాని ప్రణాళిక కూడా 2015 డిసెంబరు ఆఖర్లో ముసాయిదాగా వచ్చి, అభ్యంతరాలు తీసుకున్నాకే 2016 ఫిబ్రవరిలో ఖరారైంది. చట్టం అడగమంటోంది, మనం అడిగే తీరులోనే ఉంది తిరకాసు. నోటీసు బోర్డు మీద సర్వే నంబర్ల జాబితా అంటిస్తారు. పటం ఆఫీసు వేళల్లో ఆఫీసులో చూసుకోవాలి. ‘ల్యాండ్ యూజ్’, ‘బఫర్ జోన్’ అని ఉంటుంది. మిల్లులో బస్తా మోసే మనిషి ఆ పూట కూలి వదులుకుని వెళ్లి, ఆ పటం ముందు నిలబడి, తన వీధి ఏ రంగులో ఉందో వెతుక్కోవాలి. గడువు దాటాక ‘అభ్యంతరాలేవీ రాలేదు’ అని ఫైలు మీద రాస్తారు.

పార్కు జాగా కోసం మనుషులు ఎంత దూరం వెళ్లగలరో కూడా తెలుసుకోవాలి. బెంగుళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని 1970ల్లో ఓ ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేశారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా ప్రజాహితమే కదా అని వాదించారు అవతలివాళ్లు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. పార్కు పక్కన ఉండేవాళ్లకు ఆ పార్కు గురించి అడిగే హక్కుందని గట్టిగా చెప్పిన తీర్పుల్లో అదొకటి.

పదకొండింటి సభకు ఎవరొస్తారు

మండపేటలో ఓ వార్డు సభ జరుగుతోందని ఊహించుకుందాం. ఇది ఉత్త ఊహే, పేర్లు పెట్టడం లేదు. పొద్దున్న పదకొండు గంటలకు కల్యాణ మండపంలో పెట్టారు. వచ్చినవాళ్లలో సగం మంది రిటైరైనవాళ్లు, పావు వంతు కౌన్సిలర్ గారి మనుషులు, మిగతావాళ్లు సచివాలయం సిబ్బంది. రిటైర్డు హెడ్‌మాస్టారు లేచి వాకింగ్ ట్రాక్ కావాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తీర్మానం: వాకింగ్ ట్రాక్. సభ సమాప్తం, టిఫిన్లు.

అదే సభను సాయంత్రం ఐదున్నరకు, గట్టు పక్క రావిచెట్టు కింద పెట్టారనుకోండి.

“మేస్టారూ, తమరు పొద్దున్నే నాలుగు రౌండ్లు కొట్టి ఇంటికెళ్లిపోతారండి. మా కుర్రోళ్లు సాయంత్రం బంతి ఎక్కడ కొట్టాలండి?” అంటాడు మెకానిక్ షెడ్డు ఆయన.

“బంతి సంగతి తర్వాత చూద్దారి. లైటు లేకపోతే ఆరు దాటాక ఆడోళ్లం రామండి. మీరెన్ని బల్లలు వేయించినా అవి తాగుబోతులకేనండి,” అంటుంది పొదుపు సంఘం ఆవిడ. “మరుగుదొడ్డి మాటెత్తరేంటండి ఎవరూ?”

“మజ్జాన్నం ఓ గంట నడుం వాల్చుకోడానికి నీడుంటే చాలు బాబూ. గేటుకి తాళం వేసేస్తే మాకెందుకది?” ఇది హమాలీ.

గేదెలు తోలుకొచ్చే ముసలాయన ఏమీ అనడు. ఆయన్ని ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పడు. ఆ గట్టు మీది గడ్డి ఆయన నాలుగు గేదెలకు సగం మేత.

ఒకే వార్డు, ఒకే జాగా, వేళ మారితే ప్లాను మారిపోయింది. అందుకే జనం మాట వినాలంటే సభ ఒక్కటీ చాలదు. సభలో గొంతున్నవాళ్లే మాట్లాడతారు. హమాలీల కోసం మిల్లు గేటు దగ్గరికి వెళ్లాలి, ఆడవాళ్ల కోసం పొదుపు సంఘం మీటింగుకు వెళ్లాలి, పిల్లల కోసం బడికి వెళ్లాలి. రేషను షాపు దగ్గరా, రేవు దగ్గరా, ఇడ్లీబండి దగ్గరా అడగాలి. అడిగే ప్రశ్న కూడా మారాలి. ‘పార్కులో ఏం కావాలి’ అంటే టీవీలో చూసిన స్విమ్మింగ్ పూలూ, బోటు షికారూ చెబుతారు. ‘ఇప్పుడు సాయంత్రం ఎక్కడ కూర్చుంటున్నారు? ఎప్పుడు లేచి ఇంటికి వెళ్లిపోతారు, ఎందుకు?’ అని అడిగితే నిజం బయటికొస్తుంది.

మన పల్లెల్లో 1990ల నుంచి స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పథకాలు వాడుతున్న ఉపాయం ఒకటుంది. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించడం. కలమూ కాగితమూ ఇస్తే వెనక్కి తగ్గే ఆడవాళ్లు ముగ్గు అనగానే ముందుకొస్తారు. బావి ఇక్కడ, గుడి ఇక్కడ, ఈ సందులోంచి చీకటి పడ్డాక వెళ్లం అని గీత మీద గీత పడుతుంది. రంగుపొడి ఉంటే భయం వేసే చోట ఎరుపు, ఇష్టమైన చోట పసుపు. గంటలో తయారయ్యే ఆ పటం ఫోటో తీసుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్తే, డ్రోను సర్వే చెప్పని సంగతులు అందులో ఉంటాయి. డ్రోనుకు చీకటి సందు తెలీదు.

పటం వేశాక లెక్కపెట్టాలి. కాలేజీ పిల్లలు నలుగురు నోటుబుక్కు పట్టుకుని గట్టు మీద నాలుగు చోట్ల, వారం రోజులు, గంటకోసారి ఎవరెవరు ఉన్నారో రాస్తే చాలు. మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, పదేళ్ల లోపు పిల్లలెందరు, కూర్చున్నవాళ్లెందరు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల నడుమ ఇలాగే చూస్తే ఓ విడ్డూరం బయటపడింది. తొమ్మిది, పదేళ్లు దాటగానే ఆడపిల్లలు పార్కుల్లో కనిపించడం మానేస్తున్నారు. నడిమధ్య ఉన్న పెద్ద మైదానాన్ని మగపిల్లలు ఫుట్‌బాల్‌కు ఆక్రమించుకుంటే వీళ్లు తగవుకు దిగడానికి ఇష్టపడక ఇంటికి పోతున్నారు. 1999లో ఐన్‌సీడ్లర్ పార్కును మళ్లీ గీశారు. దారులు పెంచారు, వెలుతురు పెంచారు, పెద్ద మైదానంతో పాటు వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడుకునే చిన్న చిన్న చోట్లు ఇచ్చారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. మన దగ్గర ఆ లెక్క తీస్తే తొమ్మిదేళ్లదాకా ఆగక్కర్లేదేమో.

పక్కూరి అనుభవం

వియన్నా దాకా ఎందుకు, కాకినాడ ఉంది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవై స్మార్ట్ సిటీల్లో కాకినాడ ఒకటి. ఆ పోటీలో నెగ్గడానికి పౌరుల అభిప్రాయాలు తీసుకోవడం ఓ షరతు. తర్వాత 2020లో కేంద్రం ఐదేళ్లలోపు పిల్లలకు అనువైన వీధులూ పార్కుల కోసం ఇంకో పోటీ పెట్టింది. పాతిక నగరాలను ఎంచుకుని, 2022లో పదింటిని విజేతలుగా ప్రకటిస్తే ఆ పదిలో కాకినాడ, వరంగల్ రెండూ ఉన్నాయి. ఆ పోటీలో నాకు నచ్చింది దాని వరస. ముందు తక్కువ ఖర్చుతో, రంగులూ టైర్లూ తాళ్లూ పెట్టి తాత్కాలికంగా చేసి చూడాలి. పిల్లలూ తల్లులూ ఎలా వాడుకుంటున్నారో గమనించి, పనికొచ్చిందే పక్కాగా కట్టాలి. మన కాంట్రాక్టు పద్ధతికి ఇది పూర్తిగా అడ్డం. మన దగ్గర పక్కాగా కట్టేశాక గమనిస్తారు.

పట్టణ వసతుల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం 2015లో వచ్చినప్పుడు అందులో పార్కులకూ కొంత వాటా ఉంది, రెండున్నర శాతం దాకా. కానీ అది ప్రధానంగా లక్ష దాటిన ఊళ్లకే. కాకినాడ, రాజమహేంద్రవరం లోపలికి వెళ్లాయి, మండపేట లాంటివి గుమ్మం బయటే ఉండిపోయాయి. 2021లో మొదలైన రెండో విడత అన్ని మున్సిపాలిటీలకూ తలుపు తీసింది. చెరువుల పునరుద్ధరణ, పార్కులు అందులో ఉన్నాయి. డబ్బు దారి ఉందంటే బొమ్మ గీసే కన్సల్టెంటు దారిలో ఉన్నాడనే అర్థం. ఆయన వచ్చేలోపు ఊరు తన మాట తాను సిద్ధం చేసుకోకపోతే పెంగ్విన్ చెత్తబుట్టలు ఖాయం.

కాలువ పక్క పార్కు అనేది ఊహాగానమూ కాదు. ముంబై జుహూలో ఇర్లా నాలా అనే మురుగుకాలువ వెంట స్థానికుల సంఘాలు, పి.కె.దాస్ అనే ఆర్కిటెక్టు కలిసి నడకదారి తీసుకొచ్చారు. వీపు తిప్పుకుని ఉన్న ఇళ్ల మధ్య నుంచి వెళ్లే నాలా అది. బెంగుళూరు కైకొండ్రహళ్లి చెరువు కథ మనకు ఇంకా దగ్గర. చెరువు బాగు చేసేటప్పుడు అపార్టుమెంట్ల వాళ్లు వాకింగ్ ట్రాక్ అడిగారు, పాత ఊరి వాళ్లు పశువుల మేత, వినాయక నిమజ్జనం మాటేమిటన్నారు. నిమజ్జనానికి పక్కనే వేరే కుంట కట్టారు. గడ్డి కోసుకునే వాళ్లను రానిచ్చారు. మన గేదెల ముసలాయన అక్కడుంటే ఆయన మాట కూడా ప్లానులో ఎక్కేదన్నమాట.

మొక్క, నీరు, గుడిసె

మొక్కల ఎంపిక గురించి జనాన్ని అడగరు. కడియం నర్సరీలు అరగంట దూరంలో ఉన్న ఊరికి ఇది మరీ అన్యాయం. తెగ పెరిగేదీ, నీట్‌గా కత్తిరించుకోవడానికి వీలైనదీ కావాలని కోనోకార్పస్ తెచ్చి వరసలు పెట్టారు మన నగరాల్లో. తర్వాత దాని పుప్పొడి, వేళ్ల మీద ఫిర్యాదులు మొదలై, కాకినాడలో ఆ చెట్లను కొట్టాలా ఉంచాలా అనే వివాదం దాకా వెళ్లింది. గట్టు మీద ఏం బతుకుతుందో గట్టు పక్కవాళ్లకు తెలుసు. కానుగ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూడా నిలుస్తుంది. నేరేడు పండ్లకు పిల్లలు వస్తారు. కాయ పడి కారు పాడవుతుందని కారున్నవాళ్లు వద్దంటారు. ఆ తగవును సభలోనే తేల్చుకోవాలి.

నీటి సంగతి అంతకన్నా ముఖ్యం. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ దాకా గట్టు పక్క పార్కుకు నీళ్లుండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడి సెలవులు, ఆ రోజుల్లోనే కొత్త మొక్కకు దాహం. ప్లానులో ఫౌంటెన్ గీసిన మనిషికి ఈ క్యాలెండరు ఎవరైనా చెప్పారా? పచ్చికకు రోజూ నీళ్లు కావాలి, చెట్టుకు రెండేళ్లు చాలు. ఒండ్రుమట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కాబట్టి దాని మీద పరిచిన టైల్సు మూడో ఏటికి ఎగుడుదిగుడు. కొంచెం ఎత్తు చేసి గ్రావెలు పోసిన మట్టిబాట మోకాళ్లకూ మంచిది, మరమ్మతుకూ చౌక. శిలాఫలకం మీద రాసుకోవడానికి మాత్రం మట్టిబాట అంత గొప్పగా ఉండదు.

విగ్రహాల మాట కూడా వస్తుంది, రాకుండా ఉండదు. రోడ్ల మీదా ప్రజోపయోగ స్థలాల్లోనూ విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ సంగతి తీర్మానంలో ముందే రాసుకుంటే పార్కు పేరు మీద జరగబోయే తగాదాల్లో సగం తీరుతాయి.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న గుడిసెలది. డెల్టాలో ఎక్కడ చూసినా కాలువ గట్టే నిరుపేదల ఇల్లు. తాతల నాడు కాలువ పనికొచ్చి అక్కడే ఉండిపోయినవాళ్లు, పొలం లేని కూలీలు, చేపలు పట్టేవాళ్లు. ‘గట్టు సుందరీకరణ’ అనే మాట వినపడితే వాళ్లకు బుల్డోజరు గుర్తొస్తుంది. నడిచేవాళ్లు అభిప్రాయాలు చెప్పి, ఉండేవాళ్లు జాగా ఖాళీ చేసే ప్రజాభిప్రాయ సేకరణ నాకైతే వద్దనిపిస్తుంది. ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడడం ప్లానులో మొదటి అంకం కావాలి. ఎవరికి ఎక్కడ ఇల్లు, ఎప్పటికి, పనికి ఎంత దూరం అన్నది కాగితం మీద తేలాకే ఆ ముక్క గట్టు పటంలోకి ఎక్కాలి. తేలని చోట పార్కు ఆగిపోతే ఆగిపోనివ్వండి. ఇళ్లు లేని ముక్కతో మొదలుపెట్టొచ్చు.

ఇవన్నీ విన్నాక మున్సిపాలిటీ చేయాల్సిన పని ఒకటి మిగులుతుంది, అది ఎక్కడా జరగదు. వచ్చిన ప్రతి మాటకూ పక్కన సమాధానం రాయాలి. ఒప్పుకున్నాం, ఇదిగో పటంలో ఇక్కడ. ఒప్పుకోలేదు, ఎందుకంటే ఇరిగేషన్ వాళ్లు కుదరదన్నారు. ఆ పట్టీ రావిచెట్టు కిందా, మిల్లు గేటు దగ్గరా కట్టాలి. తన మాట కాదన్నందుకు జనం అంత బాధపడరు. ఎందుకు కాదన్నారో చెప్పకపోతేనే వచ్చేసారి సభకు రారు.

పనికి ముహూర్తం కాలువలు కట్టేసిన నెలల్లోనే. గట్టు పొడిగా ఉండేది అప్పుడే, ఇరిగేషన్ పనులు జరిగేదీ అప్పుడే. అంటే మార్చిలోపు టెండరు, ఫిబ్రవరిలో కౌన్సిల్ తీర్మానం. వెనక్కి లెక్కేసుకుంటే జనాన్ని అడగాల్సింది సంక్రాంతికే. హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫులో ఉన్న మండపేట వాళ్లంతా ఇంటి దగ్గర ఉండే మూడు రోజులవి. ముగ్గుల పోటీ ఎలాగూ పెడతారు. ఈసారి ‘మా వీధి, మా గట్టు’ అని అంశం ఇచ్చి చూడొచ్చు. బహుమతికి బిందెలే ఇవ్వండి, ముగ్గుల ఫోటోలు మాత్రం టౌన్ ప్లానింగ్ సెక్షనుకు పంపండి. కోడిపందెం బరుల దగ్గరికి ఎవరూ మైకు పట్టుకుని వెళ్లక్కర్లేదు గానీ, భోగి నాడు పొద్దున్నే గట్టు మీద ఓ టెంటు, రెండు టేబుళ్లు, వార్డు పటం, ఫ్లాస్కులో టీ ఉంటే చాలు.